నీలి చామంతులు

నవంబరు 14

పొద్దున ఆయన బీరువా ముందు రెండు చొక్కాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. నేను దుప్పట్లు మడతపెడుతూ, గోడకు చెబుతున్నట్టు, "ఆ కుడిచేతిలోని నీలం చొక్కా వేసుకుంటే మీరు ఇప్పటికీ పెళ్ళికొడుకే" అన్నాను. "వయసు పెరిగేకొద్దీ నీకు సిగ్గు తగ్గుతోంది నాగా" అని నవ్వి, కుడిచేతిదే తొడుక్కున్నారు.

మా ఇంట్లో ఈ మధ్య రంగులు ఇలాగే చేతులు మారుతున్నాయి. ఆయన అడిగినట్టు ఉండదు, నేను చెప్పినట్టు ఉండదు. నీలం, పచ్చ ఆయనకు ఒకటిగా కనిపిస్తున్నాయని ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఇద్దరికీ వచ్చేసింది.

అలసట, అంతే. ఇన్నేళ్ళు సినిమాలకు రాజమహళ్ళూ, పూరిపాకలూ, పాతాళలోకాలూ కట్టిన కళ్ళు. ఆర్ట్ డైరెక్టర్ సత్యనారాయణమూర్తి వస్తే ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ కుర్చీల్లోంచి లేస్తారు. "మూర్తిగారికి రంగులు ఆనడం లేదట" అన్న మాట పొద్దున టీ బండి దగ్గర పుడితే చాలు, సాయంత్రానికి కృష్ణానగర్ అంతా తిరిగొస్తుంది. ఆ తర్వాత ఎవరూ లేవరు, ఎవరూ పనికి పిలవరు. పని లేకపోతే ఈయన బతకలేరు. అది నాకు బాగా తెలుసు.

ఆగస్టులో ఒకసారి, కళ్ళ డాక్టరుకు చూపిద్దాం, శుక్లాలేమో అన్నాను. "నా కంట్లో శుక్లం లేదు, నీ మనసులో అనుమానం ఉంది" అన్నారు. రెండోసారి అడగలేదు. ఎందుకు అడగలేదంటే

పాలు పొంగాయి. లేచి వచ్చేసరికి ఏం రాయబోయానో మర్చిపోయాను.

నవంబరు 17

సిద్ధార్థ వచ్చాడు. ఆయన చేస్తున్న కొత్త సినిమాకు దర్శకుడు. చిన్నవాడే, కానీ గుమ్మంలో చెప్పులు విప్పే తీరులోనే పెంపకం తెలుస్తుంది. జానపద కథట. రాకుమారి చంద్రలోకంలో ఒక తోటలో తిరుగుతుంది, తలలో నీలి చామంతులు.

"చామంతుల్లో నీలం దొరకదు కదా సార్. తెల్లవి పెట్టి షూట్ చేసేద్దాం. తర్వాత కంప్యూటర్‌లో కలర్ మార్చేస్తాం, టెన్షన్ లేదు" అన్నాడు.

ఆయన ఒప్పుకోలేదు. "చేతిలో పువ్వు నిజంగా నీలంగా ఉంటే ఆ అమ్మాయి చూసే చూపే వేరుగా ఉంటుంది బాబూ. ఆ చూపును నువ్వు కంప్యూటర్‌లో తెప్పించలేవు." ఆ తర్వాత నా వైపు తిరిగారు. "మా ఆవిడ బోటనీ లెక్చరర్. తను చూసుకుంటుంది."

నేను రిటైరై ఇన్నేళ్ళయింది. ఆయన సినిమాలో నన్ను ఒక పని అడగడం ఇదే మొదలు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను, కడిగినవే.

నవంబరు 18

యూసుఫ్‌గూడలో పాఠాలు చెప్పే రోజుల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు మొదటివారంలో ఈ ప్రయోగమే చేయించేదాన్ని. తెల్ల పువ్వు, గ్లాసుడు నీళ్ళు, కాస్త రంగు. కాడను నీళ్ళలో ముంచి ఉంచే ఏటవాలుగా కోయాలి, లేకపోతే గాలిబుడగ చేరి దారి మూసేస్తుంది. పైన రేకలు నీటిని గాలిలోకి వదులుతుంటే కింద కాడ నీళ్ళు లాక్కుంటుంది. నీళ్ళు ఎగిరిపోతాయి, రంగు రేకల్లో ఉండిపోతుంది. ఇంతే సంగతి. అయినా ఏటా ఒక పిల్లయినా "మేడమ్, పువ్వు తాగుతోంది!" అని అరిచేది. ఏటా నాకూ కొత్తగానే ఉండేది.

గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్ల చామంతులు తెచ్చాను. టోలిచౌకి దగ్గర ఆటో కదలక, వాటి మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను.

మొదట పెన్నుల సిరా వేశాను. పూలు తలలు వాల్చేశాయి, సిరా వాటికి పడలేదు. తర్వాత కేకుల్లో వేసే నీలం రంగు, గోరువెచ్చని నీళ్ళలో. బాల్కనీ గట్టు మీద గ్లాసులు వరసగా పెట్టాను. భూలక్ష్మి చీపురు పట్టుకుని ఆగిపోయింది. రహమత్ నగర్ నుంచి మా ఇంటికి పనికి వస్తుంది. ముందు నోరు వస్తుంది, తర్వాత మనిషి.

"ఏందమ్మా గిది? పూలకు సెలైన్ ఎక్కిస్తున్నవా?"

"రంగు ఎక్కిస్తున్నానే. సినిమాకి."

"తెల్లగ పుట్టినదాన్ని తెల్లగ ఉండనియ్యరు, నల్లగ పుట్టినదాన్ని నల్లగ ఉండనియ్యరు. గీ సినిమావోళ్ళకు ఏదీ నచ్చదు" అనుకుంటూ ఊడ్చుకుపోయింది.

నవంబరు 19

పొద్దున్నే మంచు. కింద బండరాళ్ళూ, వాటి మీద మేడలూ ఏవీ లేవు. మా బాల్కనీ ఒక్కటే మిగిలినట్టుంది. పార్కు వైపు నుంచి నెమలి కూసింది. గ్లాసుల దగ్గరికి వెళ్ళి చూస్తే రేకల అంచుల్లో నీలం. అంచుల నుంచి లోపలికి సన్నటి దారాలు. చూస్తుండగానే ఒక దారం ఇంకొంచెం ముదిరినట్టు అనిపించింది. నా భ్రమ కావచ్చు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

ఆయన్ను పిలిచాను. వంగి, కళ్ళద్దాలు తీసి, పెట్టి చూశారు.

"ఇంకా తెల్లగానే ఉన్నాయేంటి నాగా?"

తెల్లగా లేవు. తెల్లవారిన ఆకాశంలా ఉన్నాయి. "ఇంకా తాగుతున్నాయండీ, రేపటికి ఎక్కుతుంది" అన్నాను.

నవంబరు 20

ఇంకొంచెం రంగు కలిపాను.

నవంబరు 22

ఇంకొంచెం.

నవంబరు 25

హాల్లో కూర్చుని రాస్తున్నాను. పోయిన దసరాకు ఈ గోడల రంగు ఆయనే ఎంచారు, లేత సముద్రపు నీలం అని. రంగులు వేసేవాడు రెండుసార్లు అడిగాడు, ఇదేనా సార్ అని. ఇదే అన్నారు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక క్షణం కళ్ళు చిట్లించి, "వెరైటీగా ఉందండీ" అంటారు. భూలక్ష్మి మాత్రం "రేషన్ కిరసనాయిల్ రంగు" అంటుంది. నాకు అలవాటైపోయింది.

మధ్యాహ్నం ఆయనకు కాలక్షేపంగా ఉంటుందని నా పాత ఆటలు కొన్ని చూపించాను. పసుపు రాసిన కాగితం మీద సున్నపు నీళ్ళతో చిన్న ఇల్లు గీశాను. గీత తడిసిన చోటల్లా ఎర్రబడింది. "అదిగో! ఎరుపు!" అన్నారు, చిన్నపిల్లాడిలా. శంఖపుష్పాలు నానబెట్టిన నీళ్ళలో నిమ్మకాయ పిండితే ఊదాగా, తర్వాత గులాబీగా మారింది. దానికీ సంబరపడ్డారు. "అంతకుముందు ఏ రంగు..." అని అడగబోయి, ఆ మాట మింగేసి, "నిమ్మకాయ వాసన బాగుంది" అన్నారు.

నేను విననట్టే గ్లాసులు తీశాను.

డిసెంబరు 1

కల వచ్చింది. జూబ్లీహిల్స్ కొండలన్నీ నీలం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాయి. నెమ్మదిగా రాళ్ళలోకి రంగు ఎక్కుతోంది. గుడి మెట్లు, సైన్‌బోర్డులు, స్టూడియో గేట్లు, ఆయన జుట్టు. ఆయన నా వైపు తిరిగి, ఇవన్నీ ఏమిటి నాగా అంటున్నారు. నేను ఒక్కొక్కటీ పేరుపెట్టి చెబుతున్నాను. ఎంతసేపు చెప్పినా అయిపోవడం లేదు, నాకు అలుపు రావడం లేదు.

మెలకువ వచ్చాక ఇంకా అదే కల కావాలని కళ్ళు మూసుకున్నాను.

డిసెంబరు 5

"ఇదీ నీలమంటే!" అన్నారు ఇవాళ.

అమ్మయ్య. ఇప్పుడవి దాదాపు మా గోడ రంగులో ఉన్నాయి. నా వేళ్ళు కూడా.

డిసెంబరు 9

షూటింగ్. తాజా పూలు తెచ్చి అదే రంగు ఎక్కించాను. ఆ బకెట్లు ఒళ్ళో పెట్టుకున్నట్టే కారులో తీసుకెళ్ళాను. ఆయన వేసిన తోట చూస్తే కడుపు నిండిపోయింది. నిజం మొక్కలూ, కాగితం తీగలూ కలిసిపోయి, ఏది ఏదో బోటనీ చదివిన నాకే తెలియలేదు. రాకుమారి వేషం కట్టిన అమ్మాయి ఆకుపచ్చ చీరలో వచ్చింది. పువ్వును చేతిలోకి తీసుకుని, "అయ్యో, నిజం పువ్వే!" అంది. ఆ చూపు! ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

సెట్ల వెనక ఎప్పుడూ ఆకుపచ్చ గుడ్డ కడతారు, ఈసారి నీలం గుడ్డ కట్టారు. అమ్మాయి చీర ఆకుపచ్చ కదా, అందుకని మార్చారట. పూలూ ఆ గుడ్డా ఒకే నీలంలో ఎంత ముచ్చటగా కలిసిపోయాయో. ఈయనే అలా కట్టించారనుకున్నాను. కెమెరా అబ్బాయి ఒకసారి "సార్, పూలు..." అని ఏదో అనబోయాడు. "బాగున్నాయి కదా" అన్నారు ఈయన. అతను తలూపి వెళ్ళిపోయాడు. షూటింగ్ ఫ్లోర్ మీద పెద్దవాళ్ళకు ఎవరూ ఎదురు చెప్పరు.

డిసెంబరు 10

వేళ్ళ నీలం ఇంకా పోలేదు. సబ్బు వాడలేదు.

డిసెంబరు 20

సిద్ధార్థ ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. కాఫీ ముట్టలేదు.

"వెనక చంద్రలోకం పెట్టి రఫ్‌గా చూశాం సార్. మీరు ఒకసారి చూస్తే..."

ముగ్గురం చూశాం. రాకుమారి వెన్నెల్లో నడిచి వచ్చి ఇటు తిరిగింది. పూలు ఉండాల్సిన చోట జడలో కన్నాలు. కన్నాల్లోంచి వెనక కొండలు కనిపిస్తున్నాయి. చెయ్యెత్తి, పువ్వును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. వేళ్ళ మధ్య ఏమీ లేదు. ఆ అందమైన చూపు చూస్తున్నది ఏమీ లేని చోటును.

నాకు అప్పుడు తెలిసింది. ఆ గుడ్డ నీలాన్ని కంప్యూటర్ తుడిచేసి, ఆ జాగాలో చంద్రలోకం పెడుతుంది. అదే నీలంలో ఇంకేది ఉన్నా దాన్నీ తుడిచేస్తుంది. మొదటిరోజు లేతగా ఉన్నప్పుడే ఆపి ఉంటే పూలు బతికేవేమో.

ఆయన ముందుకు వంగి చూశారు. "బ్రహ్మాండం బాబూ! నేను చెప్పానా, ఆ చూపు! పూలు ఎంత బాగా పడ్డాయో."

సిద్ధార్థ తెర వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. అతను చెప్పలేడు. "అవునండీ, బాగున్నాయి" అంటే ఆ పూట గడిచిపోయేది, నీలం చొక్కా గడిచినట్టే. రేపు ఊరంతా హాల్లో కూర్చుని చూసి నవ్వితే అప్పుడు ఎవరి ముందు ఏ చొక్కా వేసుకుని నిలబడతారు?

"ఏవండీ, పూలు లేవు" అన్నాను.

"ఏంటి?"

"పూలు కనపడటం లేదు. వెనక గుడ్డతోపాటు చెరిగిపోయాయి. గుడ్డా నీలమే, పూలూ నీలమే."

"కట్టింది ఆకుపచ్చ గుడ్డ కదా?"

సిద్ధార్థ ల్యాప్‌టాప్ మూశాడు.

"ఆ రోజు నువ్వు చూశావుగా. చెప్పలేదేం?"

"మీరే కట్టించారనుకున్నాను."

లేచి గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు నెమ్మదిగానే వేశారు. గట్టిగా వేసినా బాగుండేది.

గుమ్మం దగ్గర సిద్ధార్థ గొంతు తగ్గించి అన్నాడు. "మీరు ఫీల్ అవకండమ్మా. మావాళ్ళు ఒక్కో ఫ్రేమ్‌లో పూలు మళ్ళీ గీస్తారు, టైమ్ పడుతుంది, అంతే. నాకు శాంపిల్‌గా ఒక్క పువ్వు ఇవ్వండి. షేడ్ మాత్రం సారే చెప్పాలి." చెప్పులు వేసుకుని మళ్ళీ ఆగాడు. "ఫ్లోర్‌లో అందరికీ తెలుసమ్మా. రంగు డబ్బాల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాస్తున్నది అందుకే. సార్‌ను అడిగే ధైర్యం ఎవరికుంది? నెక్స్ట్ సినిమాకు కూడా సారే కావాలని ఉంది నాకు. కానీ ప్రొడ్యూసర్‌గారు ఇది చూశారు. ఈసారికి సర్దిచెప్పాను. ఇంకోసారైతే నా వల్ల కాదు."

అందరికీ తెలుసట. మేమిద్దరమే దాచుకుంటున్నాం, ఒకరి దగ్గర ఒకరు.

డిసెంబరు 21

మాట్లాడలేదు.

డిసెంబరు 22

మాట్లాడలేదు. పప్పులో ఉప్పు మర్చిపోయాను. అది కూడా అనలేదు.

డిసెంబరు 23

భూలక్ష్మి గిన్నెలు తోముతూ, "నువ్వు, అయ్య కొట్లాడిన్రా?" అంది. లేదన్నాను. "మరి ఇల్లంతా గట్ల సప్పుడు లేకుంటున్నదేంది? జర టీవీ అన్న పెట్టమ్మా, నాకు పని సాగుతలేదు." టీవీ పెట్టాను. ఇద్దరం చూడలేదు.

డిసెంబరు 25

బాల్కనీలో ఒక గ్లాసు మిగిలిపోయింది, అందులో వాడిన పువ్వు. ఆయన దాని ముందు నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను.

"ఇది ఏ రంగు?"

ఎప్పుడూ అడగని మాట. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా.

"నీలం. చాలా ముదురు."

"నాకు బూడిదలా ఉంది నాగా." నా వైపు తిరిగి, "నీ చీర?" అన్నారు.

"వంగపండు."

"నల్లదనుకున్నాను. ఎందుకు ఎప్పుడూ నల్లచీర కడుతోందా అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన భుజం పట్టుకుని అక్కడే ఏడ్చాను. "డాక్టరు దగ్గరికి వెళ్దాం పద" అన్నది ఆయనే.

జనవరి 6

ముదిరిన శుక్లాలట. గోధుమరంగు గాజులోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉంటుందట, నీలం ముందు పోతుందట. ఇంత ఆలస్యం ఎందుకు చేశారమ్మా అని డాక్టరు అడిగాడు, నన్నే. కుడికంటికి ఇవాళ ఆపరేషన్, ఎడమకంటికి వచ్చే నెల.

బంజారా హిల్స్‌లో ఆ ఆస్పత్రి వరండాలో కూర్చుని, ఆగస్టులో రెండోసారి ఎందుకు అడగలేదో ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన రంగులు చెప్పేవారు, నేను వినేదాన్ని. ఏ గోడకు ఏది, ఏ చీర మీదకు ఏది, అన్నీ ఆయనే. ఈ ఏడాదిగా నేను చెబుతున్నాను. నా నోటి నుంచి వచ్చేదాకా ఆయన చొక్కాకు రంగు లేదు. అది నాకు బాగుండేది. అదీ సంగతి. ఎవరూ చదవరు కదా అని రాస్తున్నాను, చదివితే మాత్రం ఏం చేస్తాను.

లోపల ఆయన కన్ను బాగుపడాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. రెండూ నిజమే.

జనవరి 7

కట్టు విప్పారు. నల్లద్దాలతో ఇంటికొచ్చి, హాల్లో అద్దాలు తీశారు. తీసి అలాగే నిలబడిపోయారు.

"ఎవరు వేశారీ రంగు?"

"మీరే."

"నేనా!"

"లేత సముద్రం అన్నారు."

"సముద్రం కాదే ఇది, ప్రమాదం! ఇన్నాళ్ళూ ఇందులో ఎలా ఉన్నావే నువ్వు?"

"గట్ల అడుగుండ్రి అయ్యా!" అని వంటింట్లోంచి భూలక్ష్మి. ముగ్గురం కళ్ళ నీళ్ళొచ్చేట్టు నవ్వాం. ఆయన్ను నవ్వొద్దన్నాను, కుట్లు లేకపోయినా భయం.

తర్వాత నా వైపు చూశారు. చాలాసేపు. నేను కొంగు సర్దుకున్నాను, జుట్టు చెవి వెనక్కి తోసుకున్నాను. ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"నీ జుట్టు ఇంత తెల్లబడిందా?"

"ఎప్పుడో."

"మల్లెపూల తెలుపు" అన్నారు.

జనవరి 8

బీరువా దగ్గర ఆయనే చొక్కా తీసుకున్నారు. ఆకుపచ్చది. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను.

జనవరి 12

సిద్ధార్థకు ఇవ్వాల్సిన పువ్వు. ఈసారి ఇద్దరం చేశాం. కాడ ఎలా కోయాలో చెప్పాను, నీళ్ళలోనే ఏటవాలుగా కోశారు. ఆస్పత్రివాళ్ళు నీళ్ళు పడకూడదన్నారని దూరంగా కూర్చోమంటే వినలేదు. మంచు లేదు, ఎండ గ్లాసులోంచి దూరి గట్టు మీద నీలం మరక వేసింది. పువ్వు తాగుతుంటే పక్కపక్కన కుర్చీలు వేసుకుని చూశాం. టీ అయింది, మళ్ళీ టీ అయింది. అంచుల్లో దారాలు మొదలయ్యాయి.

"చాలు, తీసెయ్. ఈ లేతదనం చాలు" అన్నారు.

"మొదటిరోజు ఇదే వచ్చింది" అన్నాను.

"మరి చెప్పలేదేం?"

"మీరు తెల్లగా ఉందన్నారు."

పువ్వును చేతిలోకి తీసుకున్నారు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని చూశారు. తర్వాత చెయ్యి మార్చి, కుడికన్ను మూసుకుని చూశారు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఈ కంటికి నీలం" అన్నారు. చెయ్యి మార్చారు. "ఈ కంటికి నువ్వు చెప్పిన నీలం."

కింద ఎవరో కారు హారన్ కొడుతున్నారు. సిద్ధార్థ మనిషి పువ్వు కోసం వచ్చాడు కాబోలు.

"రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగారు.

"వచ్చే నెల పదకొండున."

"తొందరేముందిలే."

కేకలెయ్యాల్సింది. పువ్వు పంపించేసి, క్యాలెండరు దగ్గరికి వెళ్ళాను, ఆ తేదీ చుట్టూ గీత గీద్దామని. పెన్ను తీసి, మూత తియ్యకుండానే మళ్ళీ పెట్టేశాను. రేపు గీస్తాను.